రోడ్డు పక్కన కనిపించిన చుక్కల పిల్లి: ఇది ఏ జాతి?

కరూ_కిరణ్
దక్షిణాఫ్రికాలో నార్తర్న్ కేప్‌లోని డి ఆర్ దగ్గర ఒక సోలార్ ప్లాంటులో పని చేస్తున్నాను. చుట్టూ కరూ మైదానం, మోకాలెత్తు పొదలు, గొర్రెల ఫారాలు, అంతకు మించి ఏమీ ఉండదు. మొన్న రాత్రి తొమ్మిదింటప్పుడు మట్టి రోడ్డు మీద వస్తుంటే హెడ్‌లైట్ వెలుగులో ఒక పిల్లిపిల్ల కనబడింది. నిజంగా పిల్ల అనే అనుకున్నాను, ఎవరో తెచ్చి వదిలేశారేమో, ఈ జూలై చలికి చచ్చిపోతుందేమో అని బండి ఆపించి దిగాను. అది పారిపోలేదు. పొద పక్కన నేలకు అతుక్కుపోయి, చెవులు పక్కలకు వాల్చేసి, కళ్ళు మాత్రం దీపాల్లా వెలిగిస్తూ నన్నే చూసింది. చెయ్యి చాపబోతే మా డ్రైవర్ వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగాడు. "అది పిల్ల కాదు, ఎదిగిన జంతువు, వేలు తెగుతుంది" అన్నాడు. దాన్ని వాళ్ళ ఆఫ్రికాన్స్ భాషలో మీర్స్‌హూప్‌టీర్ అంటారట. చీమలపుట్ట పులి అని అర్థం. అది జిరాఫీని కూడా చంపుతుందని సీరియస్‌గా చెప్పాడు. ఆ రోజు నుంచీ నా మనసంతా దాని మీదే ఉంది. అసలు ఇది ఏ పిల్లి? జిరాఫీ మాట నిజమేనా? ఫోటో తీశాను కానీ మొత్తం మసక.

పిల్లులపద్మ
అయ్యో ఎంత ముద్దుగా ఉండి ఉంటుందో. మసకగా ఉన్నా సరే ఫోటో పెట్టు తమ్ముడూ.

నల్లమల_నేస్తం
ఫోటో లేకపోయినా మూడు విషయాలు చెప్తే చాలు. తోక ఎంత పొడవు? చెవుల వెనక రంగేంటి? ముందు కాళ్ళ మీద అడ్డచారలు ఉన్నాయా? ఆ ప్రాంతంలో ఆఫ్రికా అడవి పిల్లి కూడా తిరుగుతుంది. మన ఇళ్ళలో పెరిగే పిల్లులన్నిటికీ మూలం ఆ జాతే. దానికి కాళ్ళు పొడవు, తోక పొడవు, చెవుల వెనక ఎర్రమట్టి రంగు ఉంటుంది. నువ్వు చెప్పిన సైజు దానిది కాదనిపిస్తోంది.

కరూ_కిరణ్
తోక పొట్టిది, ఒంటి పొడవులో సగం కూడా లేదు, చివర నలుపు. ముందు కాళ్ళ పైభాగంలో దట్టమైన నల్ల పట్టీలు స్పష్టంగా చూశాను. ఒళ్ళంతా ఇసుక రంగు మీద నల్ల చుక్కలు. చెవులు గుండ్రంగా ఉన్నాయి, వెనక వైపు ఎర్రదనమేమీ లేదు.

నల్లమల_నేస్తం
అయితే అనుమానమే లేదు, నల్లపాదాల పిల్లి. శాస్త్రీయ నామం ఫెలిస్ నిగ్రిపెస్. 1824లో బర్చెల్ అనే ఇంగ్లీషు యాత్రికుడు దీన్ని మొదటిసారి శాస్త్రానికి పరిచయం చేశాడు. పేరు విని కాళ్ళు నల్లగా ఉంటాయనుకుంటారు కానీ నలుపు అరికాళ్ళకే, వేళ్ళ మధ్య వెంట్రుకలు కూడా నల్లవే. మండే ఇసుక మీద నడవడానికి ఆ వెంట్రుకలు పనికొస్తాయంటారు.

ఆఫ్రికా మొత్తంలో ఇంతకన్నా చిన్న అడవి పిల్లి లేదు. మగది సుమారు 1.9 కిలోలు, ఆడది 1.3 కిలోలు. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, నమీబియా, ఈ మూడు దేశాల్లోనే ఎక్కువ. వేరే చోట్ల ఉన్నా చాలా తక్కువ. కాబట్టి కిరణ్, నువ్వు చూసింది జూ బయట చూడటం చాలా మందికి దొరకని జంతువు. నేను ఇరవై ఏళ్ళుగా చిన్న పిల్లుల గురించి చదువుతున్నాను, ఇంతవరకూ చూడలేదు.

సాగర్_బెజవాడ
1.3 కిలోలా? మా ఇంట్లో పిల్లి 5 కిలోలు ఉంది. నలుగురు కలిసి దాని లెక్కన ఒకటి అవుతారు. ఇది జిరాఫీని ఎలా చంపుతుంది, నిచ్చెన వేసుకునా?

లెక్కలమాస్టారు
జిరాఫీ కథ జరిగే పని కాదు. అంత చిన్న కోరలు ఆ మెడ తోలులోకి సగం కూడా దిగవు. ఇంటర్నెట్‌లో ఎవరో పుట్టించి ఉంటారు.

నల్లమల_నేస్తం
ఇంటర్నెట్ కాదు మాస్టారూ, అది అక్కడి ఆదివాసులైన శాన్ జనం తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. మెడ నరం పట్టుకుని కొరికి జిరాఫీని పడగొడుతుందని. అది దాని కొలత చెప్పడానికి కాదు, దాని పంతం చెప్పడానికి. మనవాళ్ళు పిట్ట కొంచెం కూత ఘనం అంటారు చూడండి, అలా. దీనికి కూత కూడా ఘనమే. ఒంటి సైజుకి దాని అరుపు ఆశ్చర్యంగా పెద్దది, ఎందుకంటే ఒక్కో పిల్లికీ మరో పిల్లికీ మధ్య ఎంతో దూరం ఉంటుంది, అది చాలా దూరం వినబడాలి.

పంతం కట్టుకథ కాదు. ఒక మగపిల్లి పడుకున్న స్ప్రింగ్‌బాక్ జింక కూన మీదికి పొంచి వెళ్ళి, ఆ కూన లేచి నిలబడ్డాక వెనక్కి తగ్గడం పరిశోధకులు కళ్ళారా చూశారు. రెండు కిలోల ప్రాణి జింక కూన మీద ఆశపడింది!

వుప్పర్తాల్_వాణి
నేను జర్మనీలో ఉంటాను. మా ఊరి జూలో ఇవి ఉన్నాయి. ప్రపంచంలోని జూల్లో ఉన్న నల్లపాదాల పిల్లులన్నిటి వంశావళి పుస్తకం కూడా ఇక్కడి నుంచే నడుస్తుంది. పగలు వెళ్తే మాత్రం ముద్దగా చుట్టుకుని నిద్రపోతూ ఉంటుంది, అద్దం దగ్గర పిల్లలు "ఏదీ, ఏదీ" అని వెతుకుతుంటారు. నేను నాలుగుసార్లు వెళ్తే ఒక్కసారి కళ్ళు తెరిచింది. ఆ చూపు ఇంటి పిల్లి చూపు కాదు.

పొంచి వెళ్ళడం చూశారని నేస్తం అన్నారే, ఆ పరిశోధన అలెక్స్ స్లివా గారిది. కొలోన్ జూలో పని చేస్తారు. కింబర్లీ దగ్గర బెన్‌ఫాంటైన్ అనే ఫారంలో 1992 నుంచి వీటి వెంట తిరిగారు.

కరూ_కిరణ్
కింబర్లీ ఇక్కడికి మూడు గంటల దారి! వెంట తిరగడం అంటే ఎలా అక్కా? ఇది నన్ను చూడగానే నేలలో కలిసిపోయింది.

నల్లమల_నేస్తం
దీని గురించి నేను రాస్తాను, నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇది.

ముందు మెడకు చిన్న రేడియో కాలర్ కట్టి, రాత్రిళ్ళు జీపులో నెమ్మదిగా దాని వెనకే వెళ్ళేవాళ్ళు. వారాల తరబడి అలా వెళ్తే పిల్లికి జీపు కూడా ఒక పొదలాంటిదే అయిపోయింది, పది ఇరవై మీటర్ల దూరంలో ఉన్నా పట్టించుకోకుండా తన పని తను చేసుకునేది. అలా వేల గంటలు చూశారు. ఏం తిన్నదో పెంట తవ్వి ఊహించడం కాదు, పట్టింది పట్టినట్టు రాసుకున్నారు. 1,700కు పైగా వేటలు, యాభైకి పైగా జాతుల జంతువులు.

దానికి వేటాడే పద్ధతులు మూడు. మొదటిది వేగపు వేట: గడ్డి మీదుగా గంటకు రెండు మూడు కిలోమీటర్ల చొప్పున గెంతుతూ పోతుంది, ఎదురుపడ్డ ఎలుకో పిట్టో బెదిరి కదలగానే పట్టేస్తుంది. రెండోది నిదానపు వేట: పాములా మెలికలు తిరుగుతూ పొదకీ పొదకీ మధ్య నడుస్తుంది, గంటకు కిలోమీటరు కూడా కదలదు, తల అటూ ఇటూ తిప్పుతూ చెవులతో వెతుకుతుంది. నడిమి చెవిని కప్పి ఉండే ఎముక బుడగ దీనికి పుర్రె పొడవులో నాలుగో వంతు ఉంటుంది, కాబట్టి గడ్డిలో ఎలుక కదిలే చప్పుడు కూడా దాటిపోదు. మూడోది కాపు వేట: ఎలుక కలుగు ముందు కూర్చుంటుంది. అరగంట, గంట, ఒక్కోసారి రెండు గంటలు. కళ్ళు సగం మూసుకుని నిద్రపోతున్నట్టే ఉంటుంది, చెవులు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. ఎలుక మీసం బయటపెడితే అయిపోయినట్టే.

పిట్టల విషయంలో ఇంకో విద్య. లార్క్ పిట్టలు నేల మీదే పడుకుంటాయి కదా, అవి ఎగరగానే ఇది కూడా గాలిలోకి లేచి దొరకబుచ్చుకుంటుంది. 1.4 మీటర్ల ఎత్తు ఎగరడం చూశారు. ఒక రాత్రిలో సగటున 8 కిలోమీటర్లకు పైగా నడుస్తుంది. వేటలో 60 శాతం దాకా గెలుస్తుంది. సింహం నాలుగుసార్లు దూకితే ఒకసారి గెలవడమే గొప్ప.

పిల్లులపద్మ
రెండు గంటలు కూర్చోవడం! మా చిన్నోడు హోంవర్కు ముందు రెండు నిమిషాలు కూర్చోడు.

లెక్కలమాస్టారు
ఆ 60 శాతాన్ని సింహంతో పోల్చడం నాకు నచ్చదు. ఈ పోలిక ప్రతి వీడియోలోనూ కనిపిస్తుంది, "ప్రపంచంలోనే భయంకరమైన పిల్లి" అని. సింహం పట్టేది తనకన్నా బరువైన జీబ్రాని, అది తన్నితే దవడ విరుగుతుంది. పిల్లి పట్టేది చిట్టెలుకని. రెండు లెక్కలూ ఒకే కాటాలో వెయ్యకూడదు. పైగా జీపు వెలుగులో ఎలుకలు తికమకపడి దొరికి ఉండొచ్చు కదా?

నల్లమల_నేస్తం
జీపు శబ్దానికి ఎలుక కలుగులో దూరిపోయి పిల్లికి నష్టం కూడా జరగొచ్చు. అనుమానం రెండు వైపులా ఉంటుంది మాస్టారూ. సింహం పోలికలో మీరన్నది ఒప్పుకుంటాను, అది అనకుండా ఉండాల్సింది. కానీ ఎలుకని పట్టడం తేలిక అనే మాట మాత్రం ఒప్పుకోను. మీరు ఒకసారి వంటింట్లో ప్రయత్నించి చూడండి.

సాగర్_బెజవాడ
మా 5 కిలోల వీరుడు పోయిన నెల ఎలుకని చూసి ఫ్రిజ్ ఎక్కాడు.

లెక్కలమాస్టారు
ఒక్క ప్రశ్న. రాత్రికి ఎంత తింటుందో తూకం ఉందా? అది చెప్తే లెక్క వేస్తాను.

వుప్పర్తాల్_వాణి
ఉంది. సుమారు 250 గ్రాములు. అంటే తన బరువులో ఆరో వంతు. ఎక్కువగా తినేది పెద్ద చెవుల చిట్టెలుకల్ని, ఒక్కోటి 15 గ్రాములు ఉంటుందేమో. లార్క్ పిట్ట అయితే 30 గ్రాములు దాటుతుంది.

లెక్కలమాస్టారు
సరే చూడండి. 250 గ్రాములకి అన్నీ చిట్టెలుకలే అయితే పదహారు పదిహేడు కావాలి. మధ్యలో మూడు నాలుగు పిట్టలు దొరికితే పదమూడు పధ్నాలుగుతో సరిపోతుంది. పదకొండు గంటల రాత్రి అనుకుంటే యాభై నిమిషాలకు ఒకటి. ప్రతి యాభై నిమిషాలకూ ఒక ప్రాణిని పట్టాలి, అదీ నడుస్తూ, వెతుకుతూ, కలుగు ముందు కాపు కాస్తూ. పదిలో మూడు మాత్రమే గెలిచే జంతువైతే ఇంత ఆహారం సంపాదించడానికి రాత్రి చాలదు. ఇప్పుడు 60 శాతం నాకు నమ్మకంగానే ఉంది. సింహం పోలిక మాత్రం ఇప్పటికీ తప్పే.

నల్లమల_నేస్తం
మాస్టారూ, వాళ్ళు జీపులో కూర్చుని రాసుకున్నది కూడా సరిగ్గా అదే! వెన్నెముక ఉన్న జంతువు సగటున యాభై నిమిషాలకు ఒకటి, రాత్రికి 10 నుంచి 14. మీరు చూడకుండానే తేల్చారు.

లెక్కలమాస్టారు
చాలా సంతోషం. అయినా ఇంత తిండి ఎందుకు దానికి?

పశువైద్యం_అనంత
చిన్న ఒంటికి వేడి త్వరగా పోతుంది మాస్టారూ. అక్కడ చలికాలం రాత్రి సున్నా కన్నా కిందికి దిగుతుంది. ఒంటిని వెచ్చగా ఉంచుకోవాలంటే ఇంధనం పడుతూనే ఉండాలి. దానికి దాచుకునే కొవ్వు కూడా తక్కువ. ఏనుగుకి ఒక పూట తిండి లేకపోయినా ఏం కాదు, దీనికి ఒక రాత్రి వేట తప్పితే ఇబ్బందే. అందుకే గాలి, చలి, వాన ఏదున్నా బయటికి వస్తుంది.

మైదుకూరు_మస్తాన్
ఈ పోస్టులు చదువుతుంటే నాకు మా చేను గుర్తొచ్చింది. వేరుశనగ కాపలాకి మంచె మీద పడుకునేవాణ్ణి. ఒక రాత్రి వెన్నెల్లో గట్టు మీద పిల్లిలాంటిది కూర్చుని ఉంది, ఎలుక కలుగు ముందు. నేను బీడీ రెండుసార్లు ముట్టించి ఆర్పేదాకా కదల్లేదు. తర్వాత ఒక్క దూకు, అంతే, నోట్లో ఎలుక. ముఖం మీద తెల్లటి గీతలు, నుదుటి మీద నామాల్లాగా. మా నాయన దాన్ని నామాల పిల్లి అనేవాడు. మా పాత పెంకుటింటి అటక మీద ఒకసారి పిల్లల్ని కూడా పెట్టింది. అది ఇదేనా?

నల్లమల_నేస్తం
జాతి వేరు మస్తాన్ అన్నా, కానీ ఆ కథ బంగారం. నామాల పిల్లి మన దేశానిది. మనకి, శ్రీలంకకి, నేపాల్‌కి మాత్రమే సొంతం. బరువు 0.9 నుంచి 1.6 కిలోలు. ప్రపంచంలో అన్నిటికన్నా చిన్న అడవి పిల్లి ఏది అంటే ఈ రెండిటి మధ్యే పోటీ, ఎక్కువ మంది నామాల పిల్లికే ఓటేస్తారు. పాడుబడిన ఇళ్ళ అటకల మీద, పెంకుల కింద పిల్లల్ని పెట్టడం దాని అలవాటే. నల్లపాదాల పిల్లికి అటకలూ చెట్లూ పనికిరావు, బొద్దు ఒళ్ళు, పొట్టి తోక, చెట్టెక్కడం దాని వల్ల కాదు. నేలే దాని ఇల్లు.

మైదుకూరు_మస్తాన్
కిరణ్ డ్రైవర్ పుట్ట పులి అన్నాడుగా, పుట్టలోనే ఉంటుందా? మా దగ్గర పుట్టంటే నాగులచవితికి పాలు పోసే చోటు.

కరూ_కిరణ్
మస్తాన్ అన్నా, ఈ మాట మా డ్రైవర్‌ని అడిగాను. చెదలు వదిలేసిన పుట్ట లోపల గుల్లగా ఉంటుందట, పగలంతా అందులో పడుకుంటుందట. ఇక్కడ స్ప్రింగ్‌హేర్ అని ఒకటుంది, కుందేలంత ఉంటుంది, వెనక కాళ్ళ మీద కంగారూలా గెంతుతుంది, నిజానికి ఎలుకలు, ఉడతలు ఉండే వర్గానిదే. అది తవ్వి వదిలేసిన బొరియల్లో కూడా ఉంటుంది. తనంతట తను పెద్దగా తవ్వదు, ఎవరో తవ్విందాన్ని కాస్త సర్దుకుంటుంది. అంటే స్ప్రింగ్‌హేర్ లేని చోట దీనికి ఇల్లు దొరకడం కష్టం.

నల్లమల_నేస్తం
సరిగ్గా చెప్పాడు మీ డ్రైవర్. ఒకే బొరియలో రోజూ ఉండదు కూడా, తన ఇలాకాలో చాలా ఉంటాయి. ఆడదాని ఇలాకా సుమారు 10 చదరపు కిలోమీటర్లు, మగదానిది దానికి రెండింతలు. ఒక్క మగపిల్లి ఇలాకాలో రెండు మూడు ఆడవాటివి కలుస్తాయి. రెండు కిలోల జంతువుకి 20 చదరపు కిలోమీటర్లు!

బొరియ లేకపోతే బతుకు లేదు. కారకల్ అనే పెద్ద అడవి పిల్లి, నల్లవీపు నక్క, పెద్ద గుడ్లగూబ, అన్నీ దీన్ని చంపగలవు. పిల్లల్ని కూడా తల్లి ఒకే చోట ఉంచదు, వారం దాటాక చోటు మారుస్తూ ఉంటుంది. ఈతకు మామూలుగా రెండే పిల్లలు. తల్లి ప్రాణమున్న ఎలుకని తెచ్చి వాటి ముందు వదులుతుంది, మూడు నెలలకల్లా సొంతంగా వేటాడేస్తాయి.

సాగర్_బెజవాడ
మిగిలింది దాచుకుంటుందా? పెద్ద వేట దొరికితే ఏం చేస్తుంది?

నల్లమల_నేస్తం
దాచుకుంటుంది. చెవులపిల్లిని, అంటే కుందేలుని కూడా పడుతుంది, అది ఒకటిన్నర కిలో ఉంటుంది, దాదాపు తనంత బరువు. తిన్నంత తిని మిగిలింది గుంటలో పెట్టి తర్వాత మళ్ళీ వస్తుంది. నీళ్ళు ఉంటే తాగుతుంది, లేకపోతే వేటలో దొరికే తడితోనే గడిపేస్తుంది. మన రోళ్ళపాడు బట్టమేక పిట్ట కుటుంబానికి చెందిన ఒక నల్ల పిట్ట అక్కడ ఉంది, కోడంత ఉంటుంది, దాన్ని కూడా వదలదు.

పిల్లులపద్మ
పిల్లిని చెవులపిల్లి తినడం... కాదు కాదు, చెవులపిల్లిని పిల్లి తినడం. నాలుక తిరగడం లేదు.
ఇంతకీ దీన్ని ఇంట్లో పెంచుకోవచ్చా? అంత చిన్నది కదా, చిన్నప్పటి నుంచీ పెంచితే మచ్చిక కాదా?

వుప్పర్తాల్_వాణి
వద్దక్కా. దయచేసి అలాంటి ఆలోచన కూడా వద్దు. జూలో చూసేదాన్ని కాబట్టి చెప్తున్నాను, అన్నీ తెలిసినవాళ్ళు పెంచుతున్నా అవి ఎక్కువ కాలం ఉండటం లేదు.

పశువైద్యం_అనంత
వాణి గారు చెప్పింది నిజం. దీనికి అమిలాయిడోసిస్ అనే జబ్బు ఎక్కువ. ఒక రకమైన ప్రోటీను ఒంట్లో పేరుకుపోతుంది, ముఖ్యంగా కిడ్నీల్లో. చివరికి కిడ్నీలు పని చెయ్యడం మానేస్తాయి. జూల్లో వీటి చావులకు పెద్ద కారణం ఇదే, అడవిలో ఉన్నవాటిలో కూడా కనిపించింది. మందు లేదు. పెంపుడు పిల్లి అంటుజబ్బులు కూడా తోడైతే ఇంకా ప్రమాదం. పద్మ గారూ, మీ ప్రేమ అర్థమవుతుంది, కానీ రాత్రికి ఎనిమిది కిలోమీటర్లు నడిచే ప్రాణిని రెండు గదుల ఇంట్లో పెట్టడం దానికి శిక్ష. అంతర్జాతీయంగా వీటి వ్యాపారం కూడా నిషేధం.

ఒక మంచి విషయం కూడా ఉంది. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ దగ్గర ఒక పరిశోధన కేంద్రంలో 2003లో గడ్డకట్టించి దాచిన వీర్యంతో 2005లో పిండాలు తయారుచేసి, వాటినీ గడ్డకట్టించి ఉంచారు. 2011లో ఆ పిండాల నుంచి రెండు పిల్లలు పుట్టాయి. 2012లో అయితే మామూలు ఇంటి పిల్లి కడుపున నల్లపాదాల పిల్లి కూన పుట్టింది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఆ వార్త ఒక పండగ.

పిల్లులపద్మ
సరే, పెంచుకోవాలనే ఆశ ఈ రోజుతో వదిలేశాను. ఆ ఇంటి పిల్లి తల్లికి మాత్రం దణ్ణం.

కరూ_కిరణ్
నిన్న పక్క ఫారం రైతుతో మాట్లాడాను. అరవై ఏళ్ళ పెద్దాయన, రెండు వేల గొర్రెలు. ఈ పిల్లి అంటే ఆయనకి కోపం లేదు, "ఎలుకల్ని తింటుంది, దాని దారిన దాన్ని పోనీ" అన్నాడు. కానీ నక్కల కోసం చచ్చిన గొర్రెకి విషం పూసి పెడతారట చుట్టుపక్కల కొంతమంది. ఇనుప ఉచ్చులు కూడా. అది నక్కకు పెట్టిందే అయినా చచ్చిన మాంసం కనబడితే ఈ పిల్లి కూడా తింటుంది కదా? ఆ మాట వినగానే నాకు కడుపులో తిప్పినట్టయింది.

నల్లమల_నేస్తం
తింటుంది. వేటే ఎక్కువ కానీ కళేబరం దొరికితే వదలదు. నక్కకి పెట్టిన మోతాదు ఈ రెండు కిలోల ప్రాణికి ఎన్ని రెట్లో ఊహించు. మిడతల దండు వచ్చినప్పుడు మందు కొడతారు, ఆ మిడతల్ని తిన్నా ప్రమాదమే. ఈ జాతి ముప్పులో ఉందని ప్రకటించారు, 2016 అంచనా ప్రకారం ఎదిగినవి మొత్తం పదివేల లోపే. నా మటుకు నాకు విషం పెట్టేవాళ్ళని జైల్లో వెయ్యాలనిపిస్తుంది.

మైదుకూరు_మస్తాన్
నేస్తం, ఆ మాట అంత తేలిగ్గా అనొద్దు. నాకు నలభై గొర్రెలు ఉండేవి. ఒక్క రాత్రిలో ఊరకుక్కలు దొడ్డిలో పడి పదకొండు పిల్లల్ని చంపేశాయి. పొద్దున్నే ఆ దొడ్డి చూసినవాడికి ఆ క్షణంలో ఏ జాతి ముప్పులో ఉందో తోచదు. నేను విషం పెట్టలేదు, కానీ పెట్టాలనిపించింది, అది అబద్ధం చెప్పను. జైలు అంటే రైతు ఇంకా చాటుగా పెడతాడు.

నల్లమల_నేస్తం
తొందరపడ్డాను అన్నా. నష్టపోయినవాడి బాధ నాకు తెలియదు, పుస్తకాల ముందు కూర్చుని అనేశాను.

మైదుకూరు_మస్తాన్
పర్లేదు. నాకు పని చేసింది చెప్తాను. ఎత్తు కంచె, లోపల మందతో పాటే పెరిగిన ఒక కుక్క. మంద కుక్క మందలోనే ఉండాలి, ఇంట్లో తిండి పెడితే ఇంటికే వస్తుంది. ఆ తర్వాత రెండేళ్ళలో ఒక్క పిల్ల పోలేదు.

వుప్పర్తాల్_వాణి
నమీబియాలో ఇదే పని 1994 నుంచి చేస్తున్నారు మస్తాన్ గారూ, చీతాల్ని రైతులు కాల్చకుండా ఉండాలని అనటోలియన్ జాతి కాపలా కుక్కల్ని వాళ్ళకి ఇస్తున్నారు. కుక్క మంద పక్కనే మొరుగుతూ నిలబడితే చీతా దగ్గరికి రాదు.

లెక్కలమాస్టారు
కానీ కుక్కలు ఈ పిల్లినే బొరియలోంచి తవ్వి చంపవా?

నల్లమల_నేస్తం
వేటకుక్క, ఊరికే తిరిగే కుక్క అయితే చంపుతుంది, అది నిజంగానే పెద్ద బెడద. మందని విడిచి కదలని కుక్కకి ఆ తీరిక తక్కువ. విషంతో పోలిస్తే నూరు రెట్లు మేలు. కిరణ్, మీ పెద్దాయనకి మస్తాన్ అన్న పద్ధతి చెప్పి చూడు.

కరూ_కిరణ్
చెప్పాను. ఆయన దగ్గర అలాంటి కుక్కలు ఇప్పటికే రెండు ఉన్నాయట, అందుకే ఆయన ఫారంలో విషం లేదు. పక్కవాళ్ళతో కూడా మాట్లాడతానన్నాడు. మాట్లాడతాడో లేదో చూడాలి.

కరూ_కిరణ్
మూడు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. నిన్న రాత్రి పెద్దాయన నన్ను తన బండిలో తీసుకెళ్ళాడు. ఎర్ర కాగితం చుట్టిన టార్చి, అంతకు మించి వెలుగు లేదు. పదకొండు దాటాక ఒక పాత చెదపుట్ట దగ్గర ఇంజన్ ఆపేశాడు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. దాదాపు ఇరవై నిమిషాలకు పొదల్లో ఏదో కదిలింది, అదే. మమ్మల్ని ఒకసారి చూసి, నేలకి అతుక్కుని, చాలాసేపటికి లేచి తన పని తను చూసుకుంది. ఒక కలుగు ముందు కూర్చుంది. మస్తాన్ అన్న చెప్పినట్టే, నేస్తం అన్న చెప్పినట్టే. కళ్ళు మూసుకుపోయాయి, చెవులు మాత్రం ఒకదానికొకటి సంబంధం లేనట్టు వేరువేరుగా తిరుగుతున్నాయి. ఎంతసేపు కూర్చుందో ఫోన్‌లో చూశాను, 37 నిమిషాలు. ఊపిరి బిగబట్టి చూస్తున్నా దూకడం మాత్రం నాకు కనబడలేదు. ఒక క్షణం కూర్చుని ఉంది, మరుక్షణం నోట్లో ఎలుక ఉంది. తినేటప్పుడు కటకటమని ఎముకలు విరిగే చప్పుడు బండిలోకి వినబడింది. తిన్నాక ముందు కాలు ఎత్తి నాక్కుంది, అప్పుడు చూశాను, అరికాలు నిజంగానే బొగ్గులా నలుపు.

ఈసారి ఫోటో బాగా వచ్చింది, కింద పెట్టాను.

పిల్లులపద్మ
ఏడుపొచ్చింది తమ్ముడూ ఫోటో చూసి. ఆ ముఖం!

లెక్కలమాస్టారు
37 నిమిషాల కాపు, ఒక ఎలుక. నా లెక్కలో రాసుకున్నాను.

మైదుకూరు_మస్తాన్
ఫోటో బాగుంది కిరణ్. ఒక్క మాట, ఆ పుట్ట ఎక్కడుందో మాత్రం ఇక్కడ రాయొద్దు.

కరూ_కిరణ్
రాయలేదు అన్నా. ఫోటోలో లొకేషన్ కూడా తీసేసే పెట్టాను.